మిలాన్ గ్యాలరీలో ముసలివాళ్ళ బొమ్మ: ఆంజెలో మొర్బెల్లి గురించి తెలిసినవాళ్ళు చెప్పగలరా?

మిలాన్ విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను మిలాన్‌లో ఇంజినీరింగ్ మాస్టర్స్ చేస్తున్నాను. బొమ్మల గురించి నాకు పెద్దగా తెలీదు. పోయిన ఆదివారం వాన గట్టిగా పడుతుంటే పాలెస్త్రో మెట్రో స్టేషన్ దగ్గరున్న గలెరియా దార్తె మొదెర్నాలోకి వెళ్ళాను. తడవకుండా ఓ గంట గడిపేద్దామనుకున్నా, అంతే.

అక్కడ ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. పెద్ద హాలు. అందులో వరసలు వరసలుగా ముసలివాళ్ళు, బడిలో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు. అందరివీ ముదురు రంగు బట్టలే. కిటికీలోంచి వచ్చే వెలుతురు కొందరి తలల మీద పడుతోంది. అంతమంది ఒకచోట ఉన్నా ఎవరి లోకం వాళ్ళది. పేరు చూస్తే ‘జోర్ని... ఊల్తిమి!’ అని ఉంది. ‘రోజులు... చివరివి!’ అని అర్థం. మధ్యలో ఆ మూడు చుక్కలు కూడా పేరులో భాగమేనట. వేసినాయన ఆంజెలో మొర్బెల్లి, 1883.

మా తాతయ్య రెండేళ్ళుగా ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నారు. అమ్మమ్మ పోయాక హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. పట్టుమని నెల రోజులు ఉండలేకపోయారు. ఊళ్ళో ఒంటరిగా ఉంచలేం. చివరికి ఆయనే, ‘మా ఈడువాళ్ళు నలుగురుంటారు, అక్కడ దింపేయండి’ అన్నారు. ఇక్కడికి వచ్చే ముందు రోజు చూడ్డానికి వెళ్ళాను. వరండాలో సిమెంటు బెంచీ మీద, తువ్వాలు నాలుగు మడతలు వేసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. బస్సెక్కడానికి సిద్ధమైనవాళ్ళు కూర్చుంటారే, అచ్చం అలా. ఈ బొమ్మలోనూ అదే కూర్చోవడం కనపడింది నాకు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన బెంచీ ఉంటే చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చాక మనసులో ఒకటే ప్రశ్న. ఈ చిత్రకారుడు ఎవరు? ఆ ముసలివాళ్ళని చూసి నిజంగా బాధపడ్డాడా, లేక మంచి బొమ్మ వస్తుందని వాళ్ళని వాడుకున్నాడా? ఈయనవి ఇంకేం చూడాలి? తెలిసినవాళ్ళు చెప్తే రుణపడి ఉంటాను.

పాత పుస్తకాల షెల్ఫ్:

ముందు చిన్న పరిచయం. మొర్బెల్లి 1853లో అలెస్సాంద్రియాలో పుట్టాడు. అది మిలాన్‌కీ జెనోవాకీ మధ్య ఉన్న ఊరు. చిన్నప్పుడు ఫ్లూట్ నేర్చుకున్నాడు. చెవి వెనక ఎముకకి ఇన్ఫెక్షన్ వచ్చి వినికిడి పోతూ వచ్చింది, సంగీతం అక్కడితో ఆగింది. 1867లో మిలాన్‌లోని బ్రేరా అకాడమీలో చిత్రలేఖనానికి చేరాడు. అక్కడ గురువు జుసెప్పె బెర్తీని.

ఆ కాలంలో ఇటలీలో నిత్యజీవిత దృశ్యాలకి గిరాకీ బాగా ఉండేది. వీటినే జాన్రా బొమ్మలంటారు. నవ్వుతూ పూలమ్మే పిల్ల, పిల్లికూనతో ఆడే పసివాడు, చర్చి మెట్ల మీద తాత. ఇంట్లో గోడకి పెట్టుకుంటే ముచ్చటగా ఉండేవి. మొర్బెల్లి తీసుకున్నదీ నిత్యజీవితమే. కానీ డ్రాయింగ్ రూములో ఎవరూ పెట్టుకోవాలనుకోని నిత్యజీవితం. మీరు చూసిన బొమ్మకి 1883లోనే బ్రేరాలో ఫుమగల్లి బహుమతి వచ్చింది. 1889లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బంగారు పతకం కూడా వచ్చింది.

మీ రెండో ప్రశ్నకి జవాబు చెప్పేంత నాకు తెలీదు. వరిచేను గారు ఈ ఫోరంలోనే ఉన్నారు, ఆయన ఇటలీలో వరి పండే వెర్చెల్లి అనే ఊళ్ళో కొన్నాళ్ళు పనిచేశారు. చూస్తే తప్పకుండా రాస్తారు.

వరిచేను:

చూశానండీ. షెల్ఫ్ గారు పిలవకపోయినా రాసేవాణ్ణే, మొర్బెల్లి పేరు కనపడితే ఆగలేను.

అమ్మా, ముందు మీ తాతయ్యగారి సంగతి. ఆ తువ్వాలు మడత చదివి నేనూ కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. మా నాన్నా అంతే, తువ్వాలు లేకుండా ఆయన్ని చూసిన గుర్తు లేదు.

ఇక బొమ్మ. మీరు చూసిన హాలు పీయో అల్బెర్గో త్రివుల్త్సియో అనే వృద్ధాశ్రమంలోది. ఆంతోనియో తొలొమెయో త్రివుల్త్సియో అనే రాజవంశీకుడు తన మేడా ఆస్తీ రాసిచ్చేస్తే 1771లో తెరిచారు. మీరు ఇంజినీరింగ్ అన్నారు కాబట్టి ఒక మాట. కాల్క్యులస్‌లో ఆన్యేసి వక్రం అని చదివి ఉంటారు. ఆ గణితవేత్త మరియా గయేతానా ఆన్యేసియే ఈ ఆశ్రమంలో ఆడవాళ్ళ విభాగం చూసుకున్నది. లెక్కలన్నీ పక్కన పెట్టేసి, 1799లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉంది. ఆశ్రమం ఇప్పటికీ నడుస్తోంది. అయితే 1910లో బజ్జో వైపు వెళ్ళే రోడ్డు మీద కొత్త భవనాల్లోకి మారింది. అందుకే మిలాన్‌వాళ్ళు దాన్ని ‘బజ్జీనా’ అంటారు. బొమ్మలో ఉన్నది పాత మేడ.

వాడుకున్నాడా, బాధపడ్డాడా అన్నారు. నాకు తోచింది చెప్తాను. 1883లో ఆయనకి 30 ఏళ్ళు. పేరు తెచ్చుకోవాల్సిన వయసు, ప్రదర్శనకి గట్టి బొమ్మ ఒకటి కావాలి. మొదటిసారి ఆ గుమ్మం ఎక్కినప్పుడు అదీ మనసులో ఉండే ఉంటుంది. కాదనను. ఆ పేరు చివర పెట్టిన ఆశ్చర్యార్థకం చూస్తే, చూసేవాణ్ణి భుజం పట్టి కుదుపుతున్నాడనిపిస్తుంది. అది నాకు అంతగా నచ్చదు. కానీ బహుమతి వచ్చింది, పతకం వచ్చింది, ఇక అక్కడ పనేముంది? అయినా మళ్ళీ వెళ్ళాడు. 1892లో ‘త్రివుల్త్సియోలో పండగరోజు’ వేశాడు. దాన్ని 1900లో ఫ్రాన్స్ ప్రభుత్వం కొంది, ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. తరవాత ఏకంగా ఆశ్రమంలోనే ఒక గదిని స్టూడియో చేసుకున్నాడు. 1903లో వెనిస్ బియెనాలేలో, అంటే అక్కడ రెండేళ్ళకోసారి జరిగే కళాప్రదర్శనలో, ‘ముసలితనపు కావ్యం’ అని ఆరు బొమ్మలు వరసగా పెట్టాడు. 1909లో మళ్ళీ అక్కడి క్రిస్మసే వేశాడు, అది తూరిన్‌లో ఉంది. అప్పటికి ఆయనకి 56. ముప్ఫైల్లో ముసలివాళ్ళని చూడ్డానికి వెళ్ళినవాడు, తనూ ముసలివాడు అవుతున్నంతకాలం ఆ హాలుకే వెళ్ళాడు. వాడుకునేవాడు పాతికేళ్ళు తిరగడమ్మా.

ఆ ఆరింట్లో నా మనసుకి దగ్గరైంది ‘ఇల్ నతాలే దెయ్ రిమాస్తి’. ‘మిగిలిపోయినవాళ్ళ క్రిస్మస్’ అనొచ్చు. వెనిస్‌లో కా పేజరో మ్యూజియంలో ఉంది. అదే హాలు, అవే బల్లలు, కానీ దాదాపు ఖాళీ. పండక్కి పిలిచేవాళ్ళున్నవాళ్ళు వెళ్ళిపోయారు. పిలిచేవాళ్ళు లేనివాళ్ళు మాత్రం ఒకరికొకరు దూరంగా కూర్చున్నారు. కిటికీ నుంచి ఎండ వచ్చి ఖాళీ బల్లల మీద పడింది. నేను చూసినప్పుడు మొదట మనుషుల్ని లెక్కపెట్టాను. తరవాత చూపంతా ఖాళీ బల్లల మీదికే పోయింది. సంక్రాంతికి హాస్టల్లో ఉండిపోయిన పిల్లవాడికి ఆ బొమ్మ ఎవరూ వివరించక్కర్లేదు. ఒక ఏడాది నేనూ అలా ఉండిపోయాను.

కానీ మీరు తప్పకుండా చూడాల్సింది ఇంకోటి ఉంది. వెర్చెల్లి వెళ్ళండి. మిలాన్ నుంచి తూరిన్ వెళ్ళే లోకల్ రైలెక్కితే ఇంచుమించు గంట. అక్కడ బొర్గోన్యా మ్యూజియంలో ‘పెర్ ఒత్తాంత చెంతేజిమి!’ ఉంది. ‘ఎనభై చెంతేజిములకు!’ అని. అప్పటి ఇటలీ డబ్బులో వంద చెంతేజిములైతే ఒక లీరా. అంటే లీరా కూడా నిండని రోజు కూలి. బొమ్మ పేరే కూలి రేటు. 1895లో పూర్తిచేశాడు. రెండేళ్ళ తరవాత జర్మనీలోని డ్రెస్డెన్‌లో దానికీ బంగారు పతకం వచ్చింది.

నేను వరి మీద పనిచేసేవాణ్ణి. ఉద్యోగం పని మీద వెర్చెల్లిలో రెండేళ్ళున్నాను. మాది కోనసీమ. ఊరి చుట్టూ వరి తప్ప ఇంకోటి కనపడని చోట పుట్టి, మళ్ళీ అలాంటి చోటికే వెళ్ళాను. ఒక శనివారం ఏమీ తోచక ఆ మ్యూజియంలోకి వెళ్తే, గోడ మీద మా అమ్మ. నడుం వంచి, మోకాళ్ళ దాకా నీళ్ళలో, వీపు నా వైపు తిప్పి. నిజంగా అలాగే అనిపించింది. ఆ బొమ్మలో ఒకరి మొహం కూడా మనకి చూపించడు. వంగిన నడుములు, పైకి దోపుకున్న గౌన్లు, నీళ్ళలో వాటి నీడలు, చుట్టూ పచ్చని మొక్కలు. మా చిన్నప్పుడు గట్టు మీద నుంచుని అమ్మ ఎక్కడుందా అని వెతికితే మాకు కనపడేదీ వరసగా వీపులే. చీర రంగుని బట్టి పోల్చుకునేవాళ్ళం.

చాలామంది దాన్ని నాట్లనుకుంటారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. కాదు, కలుపు. ఆ రోజుల్లో వెర్చెల్లిలో వరిని నేరుగా వెదజల్లేవాళ్ళు. నారు పోసి ఊడ్చడం అక్కడ బాగా వాడుకలోకి వచ్చింది 20వ శతాబ్దంలోనే. వెదజల్లిన చేలో కలుపు విపరీతం. మే చివరి నుంచి ఇంచుమించు నలభై రోజులు ఆడవాళ్ళు చేలో దిగి కలుపు తీసేవాళ్ళు. వాళ్ళని మొందీనె అంటారు. కలుపు తీయడాన్ని అక్కడ ‘మొందా’ అంటారు, దాన్నుంచి వచ్చిన మాట. వాళ్ళని ఎక్కువ బాధపెట్టింది జవోనె అనే గడ్డి. అది ఏంటో తెలుసా? మన ఊద! లేతప్పుడు ఊదకీ వరికీ తేడా తెలీదు. ఆకు కాండంతో కలిసే చోట వేలితో విప్పి చూడాలి. వరికి అక్కడ తెల్లని పొర, చెవుల్లా రెండు పక్కలా నూగు ఉంటాయి. ఊదకి నున్నగా ఉంటుంది. మా అమ్మ విప్పి చూసేది కాదు, చెయ్యి తగిలితే చాలు తెలిసిపోయేది. ఆ బొమ్మలో వంగినవాళ్ళకీ అంతే తెలిసి ఉంటుంది.

1980ల మొదట్లో అమ్మకి కలుపు కూలి రోజుకి ఏడు రూపాయలు. ఇంటికొచ్చాక కాళ్ళ వేళ్ళ సందుల్లో ఒరుపులకి ఆముదం రాసుకునేది. వెర్చెల్లి మొందీనెలు ఊరికే ఊరుకోలేదు. సమ్మెలు చేశారు, 1906 జూన్ 1న ఎనిమిది గంటల పనిరోజు సాధించుకున్నారు. బొమ్మ వేసిన పదకొండేళ్ళకి. బొమ్మ వల్ల వచ్చిందని నేననను. కానీ ఎనభై చెంతేజిములన్న అంకెని గ్యాలరీ గోడ మీద పెట్టినవాడు ఆయన. కొనడానికి వచ్చిన పెద్దమనుషులు పేరు చదవాలంటే కూలి చదవాల్సిందే.

ఒక్క పక్కదారి మాట, క్షమించండి. కోనసీమకీ ఆ పొలాలకీ అసలైన చుట్టరికం ఒకటుంది. బేర్డ్ స్మిత్ అనే ఇంజినీరుని 1850ల్లో ఈస్టిండియా కంపెనీ ఉత్తర ఇటలీ కాలవలు చూసి రమ్మంది. ఆయన పీడ్‌మాంట్, లొంబార్డీ కాలవల మీద ఒక నివేదిక రాశాడు, కొన్నేళ్ళకి కృష్ణా గోదావరి డెల్టాల మీద ఇంకోటి రాశాడు. ఒకే మనిషి ఆ గట్ల మీదా ఈ గట్ల మీదా నడిచాడు. నేను వెర్చెల్లి గట్ల మీద నడిచేటప్పుడు ఆయన్నే తల్చుకునేవాణ్ణి.

రంగులపెట్టె:

వరిచేను గారూ, మీ పోస్టు ఇంట్లో పైకి చదివి వినిపించాను.

నేను బొమ్మలు వేస్తాను, కాబట్టి రంగు సంగతి ఒక్కటి కలుపుతాను. ఆ చెల్లెలు చూసిన 1883 బొమ్మ పాత పద్ధతిలోది. రంగుల్ని పలకమీదే కలిపి పూసినది. అందుకే గోధుమరంగులో మునిగినట్టుంటుంది. 1890 ప్రాంతంలో మొర్బెల్లి పద్ధతి పూర్తిగా మారిపోయింది. రంగులు కలపడం మానేశాడు. వంగపండు రంగు కావాలంటే ఎరుపు గీత పక్కన నీలం గీత, సన్నగా, దారప్పోగులా పెట్టుకుంటూ పోతాడు. దూరం నుంచి చూస్తే మన కన్నే వాటిని కలుపుకుంటుంది. దీన్ని డివిజనిజం అంటారు. 1891లో బ్రేరా ప్రదర్శనలో ఇటలీ జనం ఈ రకం బొమ్మల్ని మొదటిసారి గట్టిగా చూశారు. సెగంతీని, ప్రెవియాతి, మొర్బెల్లి అందరూ ఉన్నారు అందులో.

ఎందుకంత కష్టం అంటే, రంగుల్ని కలిపేకొద్దీ వెలుతురు చస్తుంది. మూడు రంగులు కలిపి చూడండి, బురదే వస్తుంది. మొర్బెల్లికి కావల్సింది కిటికీలోంచి బల్ల మీద పడ్డ శీతాకాలపు ఎండ. అది బురదతో రాదు. అమెరికన్ శాస్త్రవేత్త రూడ్ రంగుల మీద రాసినది చదివాడు, ఫొటోలు తీసి పెట్టుకుని చూసుకునేవాడు. తన చిత్రకార మిత్రుడు పెల్లిజ్జా ద వొల్పేదోతో ఈ సంగతులే ఉత్తరాల్లో చర్చించేవాడు. తన నోట్సుకి ‘డివిజనిజం సిలువమార్గం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడంటే ఎంత నలిగాడో చూడండి.

నేనొకసారి ఇలా ప్రయత్నించాను. ఒక జామకాయ, అరచేయంత. నాలుగు సాయంత్రాలు పట్టింది. మెడ పట్టేసింది. వెర్చెల్లి బొమ్మ వెడల్పు నాలుగడుగుల పైనే. అందులో ఒక్కో వరి ఆకూ, దాని నీడా ఇలా పోగులు పోగులుగానే వేశాడు. కలుపు తీసేవాళ్ళ పనికి ఆయన పని సాటి అనను. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, వాళ్ళు నీళ్ళలో ఉన్నారు. కానీ తొందరపడకుండా ఒక్కొక్క మొక్క దగ్గరా ఆగాడు.

చెల్లీ, వెర్చెల్లి వెళ్తే మొదట మూరెడు దూరంలో నుంచుని నీళ్ళు మాత్రమే చూడు. తరవాత పది అడుగులు వెనక్కి వెళ్ళు. ఇంకోటి, మిలాన్ గ్యాలరీలోనే ఆయన వేసిన సెంట్రల్ స్టేషన్ బొమ్మ కూడా ఉంది, ఈసారి దాటిపోకు. నువ్వు రోజూ రైలెక్కే స్టేషన్ కాదది, 1931 దాకా ఇప్పటి రెపూబ్లికా కూడలి దగ్గరున్న పాత స్టేషన్.

మిలాన్ విద్యార్థిని:

నిన్న వెర్చెల్లి వెళ్ళొచ్చాను!

రైల్లో నొవారా దాటాక రెండు పక్కలా నీళ్ళే. అద్దాల్లా మెరుస్తున్న మళ్ళు, మధ్యలో గట్లు, గట్ల మీద కొంగలు. ఇంటికి వెళ్తున్నట్టే అనిపించింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడతో నాకొచ్చిన నాలుగు ఇటాలియన్ ముక్కల్లో, మా ఊళ్ళోనూ వరే అన్నాను. ఆవిడ తన నడుం మీద చెయ్యి పెట్టుకుని చూపించి, ‘మియా నొన్నా’ అంది. మా అమ్మమ్మ అని.

మ్యూజియంలో దాదాపు ఎవరూ లేరు. రంగులపెట్టె అక్కా, మీరు చెప్పినట్టే ముందు దగ్గరగా నుంచున్నాను. దగ్గర నుంచి చూస్తే అది నీళ్ళలా లేదు. చీర అంచు నేత దగ్గర పట్టుకుని చూస్తే పోగులు కనపడతాయే, అలా ఉంది. వెనక్కి జరుగుతూ వచ్చాను. ఎక్కడో ఒక చోట ఆ పోగులన్నీ ఒక్కసారి తడిగా అయిపోయాయి. మళ్ళీ ముందుకెళ్ళాను, మళ్ళీ వెనక్కొచ్చాను. ఇలా నాలుగైదుసార్లు తిరుగుతుంటే అక్కడి కాపలా ఆయన నవ్వి, తనే పక్కకి జరిగి దారిచ్చాడు.

వరిచేను గారూ, మొహాలు లేకపోవడం గురించి మీరు రాసింది అక్కడ నుంచున్నాక అర్థమైంది. మిలాన్ బొమ్మలో ముసలివాళ్ళ మొహాలు చూసి నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ ఏడుపు రాలేదు. వాళ్ళు పనిలో ఉన్నారు, నేను అడ్డంగా నుంచున్నాననిపించింది.

రాత్రి తాతయ్యకి వీడియో కాల్ చేశాను. ఆదివారం తప్ప చెయ్యను, శనివారమే చేసేసరికి కంగారుపడ్డారు. మ్యూజియం వాళ్ళ పోస్ట్‌కార్డు కొన్నాను, దాన్ని కెమెరా ముందు పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకుంటానని లేచి వెళ్ళారు. వచ్చి చాలాసేపు చూశారు. ఇది ఇటలీ అంటే నమ్మలేదు. పక్కన కూర్చున్న ఇంకో తాతగారిని పిలిచి చూపించారు. ఇద్దరూ ఫోన్ అటూ ఇటూ తిప్పారు. తరవాత తాతయ్య అడిగింది ఒక్కటే: ‘కలుపు తీసేటప్పుడు నీళ్ళు పలచగా ఉండాలి గదమ్మా, అంత నిండుగా పెట్టారేంటి? మొక్క కుళ్ళదూ?’

నా దగ్గర జవాబు లేదు. కనుక్కుని చెప్తానన్నాను. వరిచేను గారూ, మీరే దిక్కు.

వరిచేను:

తాతయ్యగారు అడగాల్సిందే అడిగారు. వెర్చెల్లిలో దిగిన మొదటి వారం నేనూ అక్కడివాళ్ళని ఇదే అడిగాను.

ఇలా చెప్పండి ఆయనకి. అక్కడ మే నెలలో కూడా రాత్రిళ్ళు బాగా చల్లగా ఉంటాయి. ఆల్ప్స్ కొండలు దగ్గర, మంచు కరిగిన నీళ్ళే కాలవల్లోకి వస్తాయి. మన దగ్గర నీళ్ళు దాహానికి, అక్కడ నీళ్ళు దుప్పటి కూడా. పగలు పట్టుకున్న వేడిని మడిలో నీళ్ళు రాత్రంతా నిలబెట్టి లేత మొక్కని చలి నుంచి కాపాడతాయి. అందుకే నిండుగా పెడతారు. నీళ్ళు నిలవ ఉంటే కలుపు కూడా కొంత అణుగుతుంది, నేల మెత్తగా ఉండి ఊద వేళ్ళతో సహా వస్తుంది. ఎండలు ముదిరాక అక్కడా మధ్యమధ్య నీళ్ళు తీసి ఆరబెడతారు, మొక్క కుళ్ళదు.

ఆయన చేసిన చేను ఏ కాలవ కిందో, ఏ రకం వేసేవారో అడిగి చెప్పండమ్మా. వచ్చే ఆదివారం మీరు కాల్ చేసినప్పుడు, ఆయనకి ఇష్టమైతే, నన్నూ కలపండి.